కొత్త మూత వేసిన పాత ల్యాప్‌టాప్ కొనేవారికి హెచ్చరిక: తెర వెనక యాంటెన్నాలు ఉన్నాయో లేదో చూసుకోండి

వాడిన ల్యాప్‌టాప్‌ను బాగుచేసి అమ్మే దుకాణంలో కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. పాత యంత్రానికి తెర గానీ పై మూత గానీ కొత్తగా వేసి ఉంటే మరీ జాగ్రత్త. అలాంటిది ఒకటి నేను ఏప్రిల్ మొదటి వారంలో 27,500 రూపాయలకు కొన్నాను. దాని వైఫై యాంటెన్నాల్లో ఒకదాని తీగ తెగిపోయి ఉంది. రెండోదాన్ని ఎక్కడ ఉండకూడదో సరిగ్గా అక్కడే అంటించారు. ఈ సంగతి బయటపడటానికి ఏడు వారాలు పట్టింది. అన్నాళ్లూ నేను ఇంటర్నెట్ కంపెనీనే తప్పుపట్టాను.

నేను ఇంట్లోనే కూర్చుని చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూస్తాను. రాజమహేంద్రవరంలో మాది పాతకాలపు ఇల్లు, గోడలు మందం. రూటర్ ముందు హాల్లో ఉంటుంది, నా బల్ల వెనక గదిలో. మధ్యలో రెండు గోడలు. మా పాత ల్యాప్‌టాప్ అదే బల్ల మీద అయిదేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. అది పూర్తిగా పాడయ్యాక, నెలాఖరు పని ఆగకూడదని తొందరపడి ఈ దుకాణానికి వెళ్లాను.

అక్కడ చూపించింది కంపెనీలవారు ఉద్యోగులకు ఇచ్చే రకం, పద్నాలుగు అంగుళాల అల్యూమినియం యంత్రం. కీబోర్డు మీద కొన్ని అక్షరాలు అరిగిపోయాయి. మూత మాత్రం గీత కూడా లేకుండా మెరుస్తోంది. "ఏ ప్యానెల్ కొత్తది వేశాం మేడం, స్క్రీన్ కూడా కొత్తదే" అన్నాడు అమ్మినతను. రిపేరు చేసేవాళ్ల భాషలో ఏ ప్యానెల్ అంటే తెర వెనక ఉండే పై మూత, బీ ప్యానెల్ అంటే తెర చుట్టూ ఉండే చట్రం, సీ అంటే కీబోర్డు ఉండే భాగం, డీ అంటే అడుగు. కొత్త భాగాలు వేశారంటే మంచిదే కదా అనుకున్నాను. వైఫై చూపించమంటే వెంటనే కలిపి ఒక వీడియో పెట్టాడు. ఎక్కడా ఆగలేదు. ఆ దుకాణం రూటర్ మా తలల పైన, నాలుగు అడుగుల దూరంలో గోడకు బిగించి ఉంది. యాంటెన్నా తెగిపోయిన ల్యాప్‌టాప్‌కైనా నాలుగు అడుగుల దూరంలో సిగ్నల్ అందుతుంది. ఆ పరీక్షకు ఏ విలువా లేదని అప్పుడు నాకు తెలియదు.

ఇంటికి తెచ్చాక హాల్లో బాగానే నడిచింది. వెనక గదిలోకి వెళ్తే పేజీ సగం తెరుచుకుని ఆగిపోయేది. పది నిమిషాలు పనిచేసేది, రెండు నిమిషాలు తెగిపోయేది. బ్లూటూత్ మౌస్ కూడా మధ్యమధ్య నిలిచిపోయేది. ఆ మౌస్ పక్కనే, అరచేతి దూరంలో ఉన్నదని గుర్తుంచుకోండి, దాని సంగతి మళ్లీ చెబుతాను. మే 20న, జీఎస్టీఆర్ 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు చివరి రోజున, ఒక వ్యాపారి రిటర్ను దాఖలు చేస్తుంటే ఫోనుకు ఓటీపీ వచ్చింది, అది నమోదు చేసేలోపు కనెక్షన్ పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. రాత్రి పన్నెండు దాటింది. ఒక్క రోజు ఆలస్యానికి రుసుము 50 రూపాయలే, నేనే కట్టాను. కానీ ఎనిమిదేళ్లుగా ఒక్క రిటర్నూ ఆలస్యం కాలేదని నన్ను నమ్ముకున్న మనిషికి ఆ మర్నాడు ఫోను చేసి చెప్పుకోవలసి వచ్చింది. ఆ బాధ 50 రూపాయలతో తీరేది కాదు.

ఇంటర్నెట్ కంపెనీ వాళ్లను మూడుసార్లు పిలిపించాను. వచ్చిన అబ్బాయి ప్రతిసారీ తన ఫోనులో వేగం చూపించి, అంతా బాగుందమ్మా అని వెళ్లిపోయాడు. 2,400 పెట్టి కొత్త రూటర్ కొన్నాను. అదీ చాలక 1,700 పెట్టి, సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ముందుకు పంపే రిపీటర్ తెచ్చి వరండాలో పెట్టాను. కొంత మెరుగైంది, సమస్య పోలేదు. ల్యాప్‌టాప్‌ను దుకాణానికి తీసుకెళ్తే సాఫ్ట్‌వేర్ లోపమన్నారు, ఫార్మాట్ చేసి, అదే రూటర్ కింద మళ్లీ వీడియో పెట్టి చూపించారు. రెండోసారి వెళ్తే "మీ ఇంట్లో నెట్ బాగోలేదు మేడం" అని పంపేశారు. అదే గదిలో, అదే బల్ల మీద నా ఫోను హాయిగా పనిచేస్తోంది. ఆ ఒక్క విషయాన్ని నేను మొదటి రోజే పట్టించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

చివరికి మా వీధి చివర ఒకప్పుడు టీవీలు, రేడియోలు బాగుచేసి, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు చూస్తున్న పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన దాన్ని విప్పలేదు. ముందుగా తన రూటర్‌కు దూరంగా, దుకాణం వెనక ఉన్న సామాన్ల గదిలోకి తీసుకెళ్లి, పక్కన తన ఫోను పెట్టారు. రెండింటిలోనూ సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపే యాప్ తెరిచారు. ఫోనులో మైనస్ 61 డీబీఎం, ల్యాప్‌టాప్‌లో మైనస్ 83. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలం. ఇరవై రెండు తేడాయే కదా అనిపిస్తుంది. కానీ ఈ కొలతలో పది తగ్గితే అందే శక్తి పదో వంతు అవుతుంది, ఇరవై తగ్గితే నూరో వంతు. అంటే నా ల్యాప్‌టాప్‌కు అందుతున్నది ఫోనుకు అందుతున్నదానిలో నూట యాభయ్యో వంతు. తరవాత ఆయన మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచారు. అంకె మైనస్ 74కు ఎగిరి, మళ్లీ 83కు పడింది. "తీగ కీలు దగ్గర దెబ్బతిన్నదమ్మా. లేకపోతే మూత కదిపితే సిగ్నల్ ఎందుకు మారుతుంది?" అన్నారు.

అప్పుడు విప్పారు. అడుగు రేకు తీస్తే బిస్కెట్ ముక్కంత వైఫై కార్డు కనిపించింది. దానికి నల్లదీ తెల్లదీ రెండు సన్నని తీగలు, చివర గుండుసూది తలంత బంగారు రంగు గుండీలతో నొక్కి ఉన్నాయి. ఇక్కడ చూస్తే అంతా సవ్యంగానే ఉంది. దుకాణంలో వాళ్లు కూడా ఇంతవరకే చూసి మూసేసి ఉంటారని ఆయన అన్నారు. తరవాత తెర చుట్టూ ఉన్న చట్రాన్ని ఊడదీసి, తెరను మెల్లగా ముందుకు వాల్చారు.

యాంటెన్నా అనగానే మనకు రూటర్ మీది కొమ్ములే గుర్తొస్తాయి. ల్యాప్‌టాప్‌లో అవి చాలా వరకు తెర ఉండే మూతలోనే, పై అంచున కుడి ఎడమల దాగి ఉంటాయి. వేలెడు పొడవున్న రాగి రేకు ముక్కలు, వాటినుంచి ఒక మిల్లీమీటరు మందం తీగలు తెర పక్కగా దిగి, కీలు గుండా దూరి కిందున్న కార్డును చేరతాయి. పై అంచునే ఎందుకంటే, తెర వెనక భాగమంతా లోహపు రేకు, కింద బోర్డు నిండా లోహం, మన చేతులు కూడా అక్కడే ఉంటాయి. మూత తెరిచినప్పుడు అన్నిటికన్నా ఎత్తున, ఏ అడ్డూ లేకుండా ఉండేది ఆ అంచు ఒక్కటే. మూత అల్యూమినియంది అయితే రేడియో తరంగాలు దాన్ని దాటలేవు కాబట్టి, ఆ అంచున మాత్రం ప్లాస్టిక్ పట్టీ పెడతారు. మీ దగ్గర లోహపు ల్యాప్‌టాప్ ఉంటే ఒకసారి మూత వెనక పై అంచును చేత్తో తడిమి చూడండి, చాలా మోడళ్లలో ఆ పట్టీ తేడా తెలుస్తుంది. కొన్ని మోడళ్లలో మాత్రం ఈ ఏర్పాటు కీలు దగ్గర ఉంటుంది.

నా యంత్రంలో తెల్ల తీగ కీలు స్క్రూ కింద పడి చితికిపోయి, లోపలి రాగి తెగి, పై తొడుగు మాత్రమే మిగిలి ఉంది. మూత కదిపినప్పుడల్లా ఆ తెగిన కొనలు తగిలీ తగలక ఊగుతున్నాయి. నల్ల తీగ యాంటెన్నా పై అంచున లేదు. దాన్ని మూత మధ్యలో, అల్యూమినియం మీద బల్లపరుపుగా పరిచి పసుపు టేపు వేశారు. వెనక అల్యూమినియం, ముందు తెర తాలూకు లోహపు రేకు. రెండు రేకుల మధ్య పెట్టి అతికిస్తే ఆ యాంటెన్నా ఎవరితో మాట్లాడుతుంది? ఆ ముక్క కొలత కూడా ఊరికే పెట్టింది కాదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, అందులో పావు వంతు మూడు సెంటీమీటర్లు. ఆ లెక్క ప్రకారమే దాన్ని మలుస్తారు. లోహానికి ఆనించి అంటిస్తే ఆ లెక్క మొత్తం చెడిపోతుంది.

ఎందుకిలా చేశారో పెద్దాయన ఊహించి చెప్పారు. బజారులో దొరికే కొత్త మూత ఖాళీగా వస్తుంది. పాత మూతలోంచి యాంటెన్నాలను చిరగకుండా ఒలిచి, కొత్తదాంట్లో అవే చోట్ల అతికించి, తీగలను కీలు పక్కనున్న గాడిలోంచి తీసుకురావాలి. ఓపికగా చేస్తే అరగంట పని. అరగంట ఎందుకని టేపు వేసి మూసేశారు. బయటికి కనిపించేది మెరిసే మూతే కాబట్టి.

ఇంటికొచ్చాక ఈ విషయం గురించి చదివాను. తెర చుట్టూ ఉన్న చట్రంలో యాంటెన్నాలు దాచే పద్ధతి 1999లో వచ్చిన ఆపిల్ ఐబుక్ నాటికే ఉంది. దాని శరీరం ప్లాస్టిక్. 2001లో అదే కంపెనీ టైటానియం ఒంటితో పవర్‌బుక్ తెస్తే, దానికి వైఫై సరిగా అందడం లేదని కొన్నవాళ్లు వాపోయారు. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్‌లో 3జీ మోడల్ అల్యూమినియం వీపు మీద పైభాగాన నల్ల ప్లాస్టిక్ పట్టీ పెట్టింది కూడా ఈ కారణంతోనే. అంత పెద్ద కంపెనీలు ఇన్నేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్న ఏర్పాటును నాకు అమ్మినవాళ్లు టేపు ముక్కతో ముగించారు. ట్యాబ్లెట్లు, ఫోన్ల తెరలు మార్పించుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. చాలావాటిలో యాంటెన్నాలు, వాటి సన్నని తీగలు అంచుల దగ్గరే ఉంటాయి, జిగురు కరిగించి తెరను పెకలించేటప్పుడు చిరిగిపోవచ్చు.

బాగుచేయడానికి అయింది మొత్తం 950 రూపాయలు. అదే మోడల్ పాత మూతలోంచి తీసిన యాంటెన్నాల జత 350, పని 600. వెనక గదిలో ఇప్పుడు మైనస్ 62 చూపిస్తోంది. మౌస్ ఒక్కసారీ ఆగలేదు. చాలా వైఫై కార్డుల్లో బ్లూటూత్ కూడా అవే యాంటెన్నాలను వాడుకుంటుంది, అందుకే అరచేతి దూరంలోని మౌస్ కూడా తడబడింది. మీ ల్యాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకేసారి బలహీనంగా ఉంటే రూటర్ మార్చకండి, ముందు యాంటెన్నాలు చూపించండి.

కొనేముందు ఏం చేయాలో నా అనుభవంతో చెబుతాను. దుకాణం వైఫైతో పరీక్షించవద్దు. మీ ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, వెంట వచ్చినవారి చేతికిచ్చి, ఒక గోడ అడ్డం వచ్చేలా నలభై అడుగుల దూరం పంపండి. ఆ హాట్‌స్పాట్ ద్వారా ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫైలు దింపి చూడండి. అదే చోట అదే హాట్‌స్పాట్‌కు దుకాణంలోని మరో ల్యాప్‌టాప్‌ను కలిపి పోల్చండి. ఫైలు దిగుతుండగా మూతను మెల్లగా వంచండి, వేగం ఎగిరి పడుతుంటే దాన్ని అక్కడే వదిలేయండి. వైఫై వివరాల్లో లింక్ స్పీడ్, అంటే ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య వేగం, కూడా చూడవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో 866 ఎంబీపీఎస్ రావలసిన కార్డు మంచి రూటర్‌తో కూడా 433 దాటకపోతే రెండో యాంటెన్నా మీద అనుమానపడాలి. అయితే చవక మోడళ్లు కొన్నిటికి ఉండేదే ఒక్క యాంటెన్నా, వాటికి 433 సహజం. మూత, తెర మార్చారా అని అడగండి. మార్చామంటే, యాంటెన్నాలు పాతవాటినే ఎక్కించారా, కొత్తవి వేశారా అని అడగండి. పని తెలిసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. ఏయే భాగాలు మార్చారో, వారంటీ వైఫై, బ్లూటూత్‌లకు కూడా ఉందో బిల్లు మీద రాయించుకోండి.

నా బిల్లు మీద మూడు నెలల వారంటీ అని మాత్రమే ఉంది. ఫోటోలు పట్టుకుని వెళ్తే, అది బోర్డుకూ తెరకూ మాత్రమేనని వాదించారు. ఆ మాట కాగితం మీద ఎక్కడా లేదు. లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక 950 తిరిగి ఇచ్చారు. రూటర్, రిపీటర్ ఖర్చు తమకు సంబంధం లేదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు వెళ్లవచ్చు, చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపుంటే ఫిర్యాదుకు రుసుము లేదు. అందుకని బిల్లు, విప్పినప్పుడు తీసిన ఫోటోలు, పెద్దాయన రాసిచ్చిన కాగితం అన్నీ దాచాను. మీరు కూడా విప్పించేముందే ఫోను కెమెరా సిద్ధంగా పెట్టుకోండి, బాగుచేసేశాక లోపం కనిపించదు.

నిన్న సాయంత్రం ఆ దుకాణం ముందునుంచి వెళ్లాను. అద్దాల అరలో అదే మోడల్ మరో మూడు పెట్టారు. మూడింటి మూతలూ కొత్తవే.