వియత్నాం బైక్ టూర్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి: విజయవాడ, గుంటూరు రైడర్లకు హెచ్చరిక

సంక్రాంతి సెలవులకి వియత్నాంలో గ్రూప్ బైక్ టూర్ అంటూ బెజవాడలో మళ్ళీ అడ్వాన్సులు తీసుకుంటున్నారని మొన్న ఆటోనగర్‌లో మా షాపుకి వచ్చిన కుర్రాడు చెప్పాడు. ఐదుగురు స్నేహితులు కలిసి తలా 25 వేలు కట్టేశారట. నిర్వాహకుడు ఎవరని అడిగితే, నవంబరులో మమ్మల్ని తీసుకెళ్ళినవాడే. ఆ ప్రయాణం నుంచి మా బావని కాలర్ బోన్ విరిగిన స్థితిలో ఇంటికి తీసుకొచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం కాబట్టి ఆ సంస్థ పేరు ఇక్కడ పెట్టడం లేదు. పేరు తెలిసినా తెలియకపోయినా, ఎక్కడ మోసపోయామో తెలిస్తే మీరు జాగ్రత్తపడతారు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఇంకా ఉండొచ్చు.

మేం వెళ్ళింది ఉత్తర వియత్నాంలోని హా జాంగ్ కొండల్లోకి. హనోయి నుంచి దాదాపు 300 కిలోమీటర్లు బస్సులో వెళ్ళి, అక్కడ బైకులు తీసుకుని క్వాన్ బా, యెన్ మిన్, డాంగ్ వాన్, మ్యావ్ వాక్ మీదుగా నాలుగు రోజులు చుట్టి మళ్ళీ హా జాంగ్ చేరాలి. మాపీలెంగ్ కనుమ మీద నిలబడి కిందికి చూస్తే న్యో క్వే నది పచ్చటి దారంలా కనిపిస్తుంది. ఊరి గురించి, జనం గురించి నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఆ రోడ్డు కోసం పదేళ్ళుగా కలలుగన్నాను. బావని రమ్మని ఒప్పించింది కూడా నేనే.

మనిషికి 98 వేలు అన్నారు. విమానం టికెట్లు వేరు. దాని మీద జీఎస్టీ, టీసీఎస్ (టూర్ అమ్మేవాళ్ళే మన దగ్గర ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్) కలిపి మరో పదివేలు. ఇచ్చిన మాటలు ఇవి: హోండా ఎక్స్‌ఆర్ 150 బళ్ళు, ప్రతి ఐదు బైకులకి ఒక గైడ్, ఎవరూ వెనకబడిపోకుండా చూస్తూ అందరికంటే చివర్లో వచ్చే ఒక స్వీప్ రైడర్, వెనక మెకానిక్‌తో సపోర్ట్ వ్యాన్, ట్రావెల్ ఇన్సూరెన్స్. లైసెన్స్ సంగతి అడిగితే, 'మన ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి సార్, అది చాలు' అన్నాడు నిర్వాహకుడు. వెయ్యి రూపాయలు కట్టి తీసుకున్నాం.

అసలు మోసం ఈ చివరి మాటలోనే ఉంది. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా 14 మందిలో ఒక్కరికి కూడా ఇది తెలియదు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్లు అన్నీ ఒకటి కావు. మన దేశం ఇచ్చేది 1949 నాటి జెనీవా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ప్రకారం ఇచ్చేది. మీ పర్మిట్ తెరిచి చూస్తే ఆ సంవత్సరం కనిపిస్తుంది. వియత్నాం 2014లో చేరింది 1968 నాటి వియన్నా ఒప్పందంలో. ఆ ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లనే అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అంటే మన పర్మిట్ జేబులో ఉన్నా, అక్కడి పోలీసుల లెక్కలో మనం లైసెన్స్ లేకుండా బండి నడుపుతున్నట్టే. 2025 జనవరి 1 నుంచి అక్కడ జరిమానాలు కూడా పెంచారు. లైసెన్స్ లేకుండా నడిపితే 125 సీసీ వరకు బండికి 20 నుంచి 40 లక్షల డాంగ్ (వియత్నాం డబ్బు), అంతకు మించిన బండికి 60 నుంచి 80 లక్షల డాంగ్. మన వంద రూపాయలు దాదాపు 30 వేల డాంగ్ అవుతుంది, లెక్క వేసుకోండి.

జరిమానాతో పోయేదైతే ఇంత బాధపడేవాణ్ణి కాదు. చెల్లే లైసెన్స్ లేకుండా నడుపుతూ ప్రమాదానికి గురైతే ఇన్సూరెన్స్ వర్తించదు. ఆ షరతు పాలసీ కాగితాల్లో ఉంది, చిన్న అక్షరాల్లో, ఇరవయ్యో పేజీ దాటాక. మాకు ఆ పాలసీ విమానం ఎక్కే ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో వచ్చింది. శంషాబాద్ వెళ్ళే బస్సులో కూర్చుని ఎవరు చదువుతారు?

హా జాంగ్‌లో దిగాక ఒక్కొక్కటీ బయటపడింది. ఎక్స్‌ఆర్‌లు మూడే ఉన్నాయి. మిగతా 11 మందికి 110 సీసీ సెమీ ఆటోమేటిక్ బళ్ళు, అంటే క్లచ్ లేకుండా కాలితో గేర్లు మార్చేవి. జరిమానా తక్కువ పడుతుందని ఆ చిన్న బళ్ళు ఇచ్చారేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. నేను ఇరవై ఏళ్ళుగా స్పేర్ పార్టుల వ్యాపారంలో ఉన్నాను. బావకి ఇచ్చిన బండి ముందు టైరు నడిమధ్య వేలు పెట్టి రాస్తే నున్నగా ఉంది, గాడి లేదు. చైన్ వేలాడుతోంది. వెనక బ్రేక్ సగం తొక్కితే గానీ పట్టడం లేదు. మార్చమన్నాను. 'రేపు యెన్ మిన్‌లో మారుద్దాం' అన్నాడు గైడ్. గైడ్ అంటే 14 మందికి ఒక్కడే, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. స్వీప్ రైడర్ లేడు. వ్యాన్ లేదు.

బండి ఇచ్చే దుకాణంలో అందరి పాస్‌పోర్టులూ డిపాజిట్‌గా ఉంచమన్నారు. ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. సగం వియత్నామీస్, సగం ఇంగ్లిష్. ఏం జరిగినా పూచీ మాదే అని అందులో ఉందని తర్వాత తెలిసింది. మర్నాడు తెల్లవారుజామున 5 గంటలకే బయలుదేరదీశారు. సూర్యోదయం చూపిస్తారని సంతోషపడ్డాం. ఊరి చివర పోలీసులు చెకింగ్‌కి రాకముందే దాటించేశారని, ఆ గైడ్ కుర్రాడే రెండో రాత్రి డాంగ్ వాన్‌లో భోజనాల దగ్గర అమాయకంగా చెప్పాడు. అంటే వాళ్ళకి అన్నీ తెలుసు. అప్పుడైనా ఆగిపోవాల్సింది. ఇంకా రెండు రోజులే కదా అనుకున్నాం.

మూడో రోజు మ్యావ్ వాక్ దాటి దూ జా వైపు దిగుతున్నాం. బావ ఇక్కడ బుల్లెట్ నడుపుతాడు. శ్రీశైలం ఘాట్ ఎన్నిసార్లు దిగాడో లెక్కలేదు. బుల్లెట్‌కి రెండో గేరు నుంచి మొదటి గేరుకి రావాలంటే ముందు వేళ్ళతో కిందికి నొక్కాలి. ఆ సెమీ ఆటోమేటిక్ బండికి అలా నొక్కితే పై గేరు పడుతుంది, తగ్గించాలంటే మడమతో వెనక నొక్కాలి. మన స్ప్లెండర్ నడిపేవాళ్ళకి ఇది అలవాటే. బుల్లెట్ వాళ్ళకి కాదు. మలుపులో స్పీడ్ తగ్గించబోయి అలవాటుగా ముందుకి నొక్కాడు, బండి పై గేరులో పడి ఒక్కసారిగా జారుకుపోయింది. ఎదురుగా లారీ. అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి. భయపడినప్పుడు మన చెయ్యి ఎడమకే తిరుగుతుంది, ముప్పై ఏళ్ళ అలవాటు కదా. ఎడమకి లాగి ముందు బ్రేక్ పట్టాడు. ఆ నున్నటి టైరు కంకర మీద నిలుస్తుందా? లారీ డ్రైవర్ సమయానికి ఆపాడు కాబట్టి బావ బతికాడు.

నేను ముందున్నాను. వెనక రాలేదని గమనించి తిరిగి వెళ్ళేసరికి పావుగంట దాటింది. స్వీప్ రైడర్ ఉండి ఉంటే ఆ పావుగంట బావ ఒంటరిగా రోడ్డు పక్కన పడి ఉండేవాడు కాదు. మేకలు తోలుకెళ్తున్న ఒక పెద్దావిడ తన శాలువా తీసి బావ తల కింద పెట్టింది. ఆమె భాష మాకు రాదు. చేతులెత్తి దణ్ణం పెట్టాను.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్తాను. మ్యావ్ వాక్ ఆసుపత్రిలో కట్టు కట్టి హనోయికి తీసుకెళ్ళమన్నారు. పాస్‌పోర్ట్ హా జాంగ్ దుకాణంలో ఉంది. బండి పాడైందని 90 లక్షల డాంగ్, అంటే మన డబ్బులో దాదాపు 30 వేలు, కడితే గానీ పాస్‌పోర్ట్ ఇవ్వమన్నారు. భుజం విరిగిన మనిషి కారులో మూలుగుతుంటే నేను దుకాణంలో బేరమాడాను. నిర్వాహకుడికి ఫోన్ చేస్తే 'లోకల్ మేటర్ సార్, మీరే సెటిల్ చేసుకోండి' అన్నాడు. కట్టి తీసుకున్నాను. కారు, హనోయి ఆసుపత్రి, మారిన టికెట్లు అన్నీ కలిపి 2 లక్షల 40 వేలు అయింది. ఆపరేషన్ ఇక్కడ సూర్యారావుపేటలో చేయించాం, అది వేరు. మూడు వారాల తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళ నుంచి ఒక్క పేరా ఉత్తరం వచ్చింది. చెల్లుబాటయ్యే లైసెన్స్ లేదు కాబట్టి క్లెయిమ్ తిరస్కరించాం అని. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఇంకో సంగతి. ఆగస్టులో, సెప్టెంబరులో మా దగ్గర టీసీఎస్ పేరుతో వసూలు చేసిన డబ్బు మా పాన్ మీద 26ఏఎస్‌లో, అంటే మన పేరున జమ అయిన టాక్స్ చూపించే పట్టికలో, కనిపించాలి. జులై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల టీసీఎస్ రిటర్న్ వసూలు చేసినవాళ్ళు అక్టోబరు 15 లోపు వేయాలి. డిసెంబరు వచ్చినా ఒక్కరి ఖాతాలో కూడా లేదు. మేం కట్టిన 2025లో విదేశీ టూర్ ప్యాకేజీ మీద 10 లక్షల లోపు 5 శాతం టీసీఎస్ చట్టంలో ఉన్నదే, రిటర్న్ వేసేటప్పుడు మనకి సర్దుబాటు అయ్యే డబ్బే. మా నిర్వాహకుడు వసూలు చేశాడు, జమ చూపించలేదు. మీరు ఎవరితో వెళ్ళొచ్చినా ఒకసారి ఇన్‌కమ్ టాక్స్ సైట్‌లో చూసుకోండి. జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు ఇవ్వకుండా క్వార్టర్ షీట్ రసీదు మీద డబ్బు తీసుకునే మనిషి దగ్గర నాకైతే అక్కడే అనుమానం రావాల్సింది.

వెళ్ళాలనుకునేవాళ్ళని వద్దనను. హా జాంగ్‌లో ఈజీ రైడర్ అనే పద్ధతి ఉంది. లైసెన్స్ ఉన్న స్థానిక డ్రైవర్ బండి నడుపుతాడు, మనం వెనక కూర్చుంటాం. మొదట్లో నేను దాన్ని చిన్నచూపు చూశాను. ఇప్పుడు అదే సరైనదని నమ్ముతున్నాను. లోయ చూడటానికి వెళ్ళినప్పుడు కళ్ళు లోయ మీద ఉంటాయి కదా. సొంతంగా నడిపితేనే తృప్తి అనుకుంటే థాయ్‌లాండ్ చూడండి. ఆ దేశం 1949 ఒప్పందంలో ఉంది, మన పర్మిట్‌లో మోటార్ సైకిల్ గడి మీద ముద్ర ఉంటే చెల్లుతుంది, పైగా అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. ఉత్తరాన మే హాంగ్ సాన్ చుట్టు ఘాట్ రోడ్డు ఇష్టపడేవాళ్ళకి సరిపోతుంది. ఎక్కడికి వెళ్ళినా పాలసీలో బైక్ నడపడం గురించి, ఎన్ని సీసీల వరకు అనే దాని గురించి ఏం రాశారో ఇన్సూరెన్స్ కంపెనీకే ఈమెయిల్ పెట్టి లిఖితంగా జవాబు తెప్పించుకోండి. ఏజెంట్ నోటిమాట పనికిరాదు. పాస్‌పోర్ట్ మాత్రం ఎవరి చేతిలోనూ వదలకండి. జిరాక్స్ ఇవ్వండి, అవసరమైతే నగదు డిపాజిట్ ఇవ్వండి. బండి తీసుకునే ముందు నాలుగు వైపులా వీడియో తీసుకోండి, టైర్లు దగ్గర్నుంచి తీయండి. అక్కడ అంబులెన్స్ నంబరు 115, పోలీసు 113.

ఇప్పటికే ఇలా నష్టపోయినవాళ్ళు మౌనంగా ఉండకండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్ళు ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. 'మీరు సంతకం పెట్టారు కదా' అని మమ్మల్ని కూడా బెదిరించారు. సంతకం పెట్టినంత మాత్రాన ఇస్తానన్న బండి ఇవ్వకపోవడం, లైసెన్స్ చెల్లదని దాచడం సేవలో లోపం కాకుండా పోదని మా లాయరుగారు చెప్పారు. మా 14 మందిలో తొమ్మిది మంది ఫిర్యాదు మీద సంతకాలు చేశారు. మిగతా ఐదుగురు కూడా వస్తే కేసుకి బలం వస్తుంది.

ఆ సంక్రాంతి బ్యాచ్ కుర్రాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను. జనవరిలో ఆ కొండల మీద చలి, పొగమంచు, చిరుజల్లు. ఎదురుగా వచ్చే బండి దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. మిగతా డబ్బు కట్టకముందు ఒకసారి ఆటోనగర్ రండి. షాపులో అడిగితే నన్ను చూపిస్తారు. ఇన్సూరెన్స్ వాళ్ళ ఉత్తరం, ఆ టైరు ఫొటోలు, కట్టిన రసీదులు అన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి, కూర్చోబెట్టి చూపిస్తాను. బావతో మాట్లాడాలన్నా మాట్లాడిస్తాను. సాయంత్రం నాలుగింటికి ఫిజియోథెరపీకి వెళ్తాడు, అంతకుముందే రండి.