కడ్డీ పట్టించి అమ్మే మునగాకు క్యాప్సూల్స్‌తో జాగ్రత్త

మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో ఉచిత ఆరోగ్య శిబిరమంటే వెళ్లాను. చేతికో లోహపు కడ్డీ ఇచ్చి నిమిషం పట్టుకోమన్నారు. సూది గుచ్చలేదు, రక్తం తీయలేదు. ముప్పై పేజీల రిపోర్టు మాత్రం వచ్చింది. ఐరన్, జింక్, సెలీనియం అన్నీ ఎర్ర గుర్తులే! అప్పటికే మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, నమ్మేశాను. మునగాకు క్యాప్సూల్స్ మూడు సీసాలు, 4,350 రూపాయలు.

మూడు నెలలకి మళ్లీ వచ్చారు. మళ్లీ కడ్డీ. "చూశారా మేడమ్, ఐరన్ నార్మల్‌కొచ్చేసింది" అన్నాడా అబ్బాయి. ఆయాసం మాత్రం అలాగే ఉంది. ల్యాబ్‌కెళ్లి రక్తం ఇస్తే హిమోగ్లోబిన్ 8.9. ఆడవాళ్లకి 12 అయినా ఉండాలి. ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6, అంటే అడుగంటినట్టే.

ఆ రాత్రి సీసా ముందేసుకుని లెక్క కట్టాను (కొనేముందే కట్టాల్సింది). క్యాప్సూల్‌కి 500 మిల్లీగ్రాముల పొడి. రోజుకి రెండు, అంటే ఒక గ్రాము. 100 గ్రాముల పొడిలో ఐరన్ 28 మిల్లీగ్రాములని వాళ్ల కరపత్రమే చెబుతోంది. అంటే నాకు అందింది 0.28. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో ఆడవాళ్లకి రోజుకి చెప్పింది 29. నూటికి ఒక్క వంతు! ఆకులోని ఐరన్ ఒంటికి పట్టేదే తక్కువ, పైగా నేను టీతో మింగేదాన్ని. టీ అయితే ఆ కాస్తనీ పట్టనివ్వదు.

కరపత్రంలో 'పాలకూర కంటే 25 రెట్లు ఐరన్' అన్నది ఇంకో గారడీ. ఎండబెట్టిన పొడిని నీళ్లతో నిండిన పచ్చి ఆకుతో తూస్తే ఏ ఆకైనా గెలుస్తుంది.

మునగాకు మీద నాకు కోపం లేదు. ఆషాఢంలో పెసరపప్పు వేసి వండుకుంటే గుప్పెళ్లకొద్దీ తింటాం. క్యాప్సూల్‌లో పట్టేది చిటికెడు.

అసలు బాధ డబ్బు గురించి కాదు. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని, కారణం ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో గడ్డ) అని డాక్టరమ్మ స్కాన్ తీయించాకే తెలిసింది. మూడు నెలలు 'మినరల్స్ లోపం' అనుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలో ఐరన్ 60 మిల్లీగ్రాములు. గర్భిణులకి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాత్రలోనూ అంతే ఉంటుంది. అంత ఐరన్ మునగాకు క్యాప్సూల్స్‌తో రావాలంటే రోజుకి 400 పైనే మింగాలి.

సీసా వెనక సన్నక్షరాల్లో 'వైద్య అవసరాలకు కాదు' అని ఉంది. అది చూపించి డబ్బు అడిగితే, సీలు తీసిన సీసా వెనక్కి తీసుకోం అన్నారు.

వచ్చే ఆదివారం పక్క కాలనీలో ఇదే శిబిరమట. వెళ్లేవాళ్లు ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు కడ్డీ పట్టుకుని, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడండి.