రెండేళ్లయినా చివకని గ్లాసు

మా డాబా మీద కంపోస్ట్ కోసం రెండు నీలం డ్రమ్ములున్నాయి. కూరగాయల తొక్కలు, ఎండాకులు, గుప్పెడు కోకోపీట్, వారానికోసారి పుల్లమజ్జిగ. ఎరువుకు ఎప్పుడూ లోటు రాలేదు. 2023లో తడిచెత్త డబ్బాలోకి కంపోస్టబుల్ కవర్లు, అంటే చివికి ఎరువులో కలిసిపోతాయని చెప్పేవి, కొనడం మొదలుపెట్టాను. చేతికి చెత్త అంటకుండా కవరుతో సహా డ్రమ్ములో పడేయొచ్చని నా ఆశ.

ముందు వాడకం సంగతి. తొక్కలు, టీపొడి వరకైతే ఫర్వాలేదు. చారు మెతుకులు పడ్డాయంటే మూడో రోజుకి అడుగు మెత్తబడుతుంది. ఓసారి పుచ్చకాయ తొక్కల కవరు సరిగ్గా మెట్ల మధ్యలో ఊడింది. ఆ సాయంత్రమంతా మెట్లు కడగడంతోనే సరిపోయింది. పోనీ దాచుకుందామా అంటే అదీ లేదు. ఏడాది అల్మారాలో ఉంచిన చుట్టలోని కవర్లు విప్పుతుంటేనే అప్పడాల్లా చిరిగాయి.

డ్రమ్ములో మాత్రం అంత తొందర లేదు. ఆరు నెలలకి కలియబెడితే కర్రకి ఆకుపచ్చ పీలికలు చుట్టుకుని వచ్చాయి, ఉల్లిపొరలా పల్చగా. పద్నాలుగు నెలలకి జల్లిస్తే గోరంత ముక్కలు జల్లెడలో మిగిలాయి. జల్లెడలోంచి దిగిపోయినవి ఎన్నో నాకు కనపడవు కదా, అసలు టెన్షన్ అది.

గ్లాసు కథ ఇంకా విచిత్రం. ఒక ఫంక్షన్‌లో జ్యూస్ ఇచ్చిన గ్లాసు మీద పీఎల్ఏ (మొక్కల పిండి, చక్కెరల నుంచి చేసే ప్లాస్టిక్) అని ఉంటే తెచ్చి డ్రమ్ములో పాతాను. దాంతోపాటు వేసిన చెరకు పిప్పి ప్లేటు రెండు నెలలకే ఆనవాలు లేకుండా పోయింది. గ్లాసు మొన్న బయటికి తీశాను. కాస్త మసకబారింది, అంతే. కడిగి నీళ్లు పోస్తే చుక్క కారలేదు.

తప్పు డ్రమ్ముది కాదు. ఈ కవర్లకి మన దగ్గర కొలమానం ఐఎస్/ఐఎస్ఓ 17088. అది చూసేది పారిశ్రామిక కంపోస్టింగ్‌ని: సుమారు 58 డిగ్రీల వేడి, 180 రోజుల్లోపు 90 శాతం కార్బన్ గాలిలో కలవాలి. నా డ్రమ్ము నడిమధ్య థర్మామీటరు గుచ్చితే మే నెలలో కూడా 45 దాటలేదు. పీఎల్ఏ మెత్తబడేదే 60 దగ్గర. అంత వేడి తగిలితేనే తడికి దాని పొడవాటి అణువుల గొలుసులు త్వరగా తెగుతాయి, తెగాకే సూక్ష్మజీవులు తినగలవు. కవర్లలో పిండిపదార్థం కలుపుతారు కాబట్టి వాటి పరిస్థితి కొంత నయం. బ్రిటన్‌లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు జనం ఇళ్లలోనే చేయించిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. ‘ఇంట్లో కంపోస్ట్ అవుతుంది’ అన్న సర్టిఫికెట్ ఉన్నవాటిలోనే 60 శాతం పూర్తిగా విడిపోలేదు.

అసలే కంపోస్టబుల్ కాని కవర్లు వేరే ఉన్నాయి. ప్లాస్టిక్ సంచులు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలన్న నిబంధన కంపోస్టబుల్ కవర్లకి వర్తించదు కనుక పల్చటి కవరు మీద ‘బయో’ అని కొట్టించేస్తే చాలనుకునేవాళ్లు తయారయ్యారు. నేను చిన్న ముక్క కత్తిరించి, గాలి బుడగలు పోయేలా నలిపి బకెట్ నీళ్లలో వేస్తాను. తేలితే పాలిథిన్ అనుకోవచ్చు; పీఎల్ఏ లాంటివి నీటికంటే బరువు. మునిగినంత మాత్రాన నమ్మకూడదు, సుద్దపొడి దట్టించిన పాలిథిన్ కూడా మునుగుతుంది. కూరగాయల కొట్టులో నాకిచ్చిన ‘బయో’ కవరు మాత్రం హాయిగా తేలింది.

ఇప్పుడు డబ్బాలో రెండు మడతల పాత పేపరు పరుస్తున్నాను. మిగిలిన కవర్లు పడేయలేదు. చెత్త ఆటోకి తడిచెత్త వాటిలోనే ఇద్దామని చూశాను కానీ, ఆటో అబ్బాయి చెత్త గుమ్మరించుకుని కవరు పొడిచెత్తలోకి విసిరేశాడు. కంపోస్టబుల్ అని చెప్పబోతే, “ప్లాస్టిక్కే కదండీ!” అన్నాడు.