తీగ తెగినా పని ఆగకుండా: ఆరో ఏట నా దగ్గర మిగిలిన సాఫ్ట్‌వేర్లు

2020 జూన్‌లో హైదరాబాదులో గది ఖాళీ చేసి, పి.గన్నవరం దగ్గర ఏటిగట్టు పక్కనున్న మా ఇంటికి వచ్చేశాను. దూరాన ఉన్న సర్వర్లను చూసుకోవడం నా ఉద్యోగం. ఇక్కడ ఇంటర్నెట్ వేగానికి లోటు లేదు. చిక్కంతా అది వచ్చే దారిలో ఉంది. ఫైబర్ తీగ కరెంటు స్తంభాల మీదుగా, కొబ్బరి చెట్ల మధ్య నుంచి వస్తుంది. ఒక ఎండు మట్ట పడితే చాలు, వీధంతా నెట్ పోతుంది. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కానీ, వీధి చివరి పెట్టెలో ఉన్న బ్యాటరీ గంటన్నరకు మించి నిలవదు. అప్పుడు ఫోను నెట్‌కు మారాలి. కరెంటు వచ్చాక మళ్లీ ఫైబర్‌కు రావాలి. వానాకాలంలో రోజుకు నాలుగైదు సార్లు ఇలా మారిన రోజులున్నాయి.

అందుకని కొత్త సాఫ్ట్‌వేరు దేన్ని తీసుకున్నా ముందుగా ఒకటే చూస్తాను: పని మధ్యలో నెట్ తీసేస్తే ఏం చేస్తుంది? ఈ పరీక్షలో చాలా పేరున్నవే పోయాయి. మిగిలిన కొన్నింటి గురించి, వాటి లోపాలతో సహా, రాస్తున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ రుణపడింది మోష్‌కు, అంటే దూరాన ఉన్న సర్వరులోకి వెళ్లి ఆజ్ఞలు రాసి పనిచేయించే ప్రోగ్రాముకు. ఎంఐటీలో కీత్ విన్‌స్టీన్, హరి బాలకృష్ణన్ దీన్ని తయారుచేసి 2012లో వెలువరించారు. మామూలుగా సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన పద్ధతి ద్వారా వెళ్తాం. అది రెండు యంత్రాల మధ్య బంధం (కనెక్షన్) కట్టి డేటా పంపే టీసీపీ మీద నడుస్తుంది. ఆ బంధం నెట్‌లో మన చిరునామా, మన పోర్టు (యంత్రంలో ఆ పనికి కేటాయించిన ద్వారం సంఖ్య), అవతలి చిరునామా, అవతలి పోర్టు ఈ నాలుగింటికీ ముడిపడి ఉంటుంది. ఫైబర్ నుంచి ఫోనుకు మారగానే మన చిరునామా మారిపోతుంది, బంధం తెగిపోతుంది. తెర బిగుసుకుపోయి, ఏ మీట నొక్కినా కదలకుండా ఉండిపోయే ఆ స్థితి ఈ పని చేసేవారందరికీ తెలిసిందే.

మోష్ లోపలికి వెళ్లడానికి మాత్రమే ఎస్‌ఎస్‌హెచ్‌ను వాడుకుంటుంది. అక్కడ తన సర్వరు భాగాన్ని నడిపించి, ఒక రహస్య తాళంచెవి తీసుకుని, ఆ తర్వాత అంతా అలాంటి బంధం అక్కర్లేని యూడీపీ మీద నడుపుతుంది. తాళంచెవి సరిపోయిన కొత్త ప్యాకెట్ (డేటా ముక్క) ఏ చిరునామా నుంచి వచ్చినా, సర్వరు ఇక మీదట అక్కడికే జవాబు పంపుతుంది. నెట్ పోయినప్పుడు తెర పైభాగాన ఒక నీలి పట్టీ కనిపిస్తుంది, సర్వరుతో చివరిసారి మాట్లాడి ఎన్ని సెకన్లయిందో లెక్క చూపిస్తూ. నెట్ రాగానే పట్టీ పోతుంది, పని ఆగినచోటి నుంచి సాగుతుంది. రాత్రి లాప్‌టాప్ మూసేసి, పొద్దున తెరిచి, నిన్న వదిలిన వరుసలోనే మళ్లీ రాయడం మొదలుపెట్టవచ్చు. మొదటిసారి ఇది చూసిన రోజున, తెగుతుందేమోనని వేరే గదిలోకి వెళ్లి కావాలనే నెట్ మార్చి మార్చి చూశాను. తెగలేదు.

ఇంకొక సుఖం ఉంది. మా సర్వర్లు కొన్ని అమెరికాలో ఉన్నాయి. నొక్కిన అక్షరం అక్కడికి వెళ్లి తిరిగి రావడానికి పావు సెకను పడుతుంది. మోష్ ఆ అక్షరాన్ని ముందే ఊహించి తెరమీద చూపిస్తుంది. ఆలస్యం ఎక్కువైతే, సర్వరు ఒప్పుకునేదాకా కింద గీత గీసి ఉంచుతుంది. రాయడం ఇంట్లో కంప్యూటరు మీద రాసినట్టే ఉంటుంది.

లోపాలూ చిన్నవి కావు. మోష్ కనిపిస్తున్న తెరను మాత్రమే పంపుతుంది, పైకి జరిగిపోయిన వరుసలు దాని దగ్గర ఉండవు. ఫైళ్లు పంపడం, పోర్టులు మళ్లించడం దానికి చేతకాదు. 2017 తర్వాత కొత్త విడుదల కోసం 2022 దాకా, అంటే 1.4 వచ్చేదాకా, ఎదురుచూడాల్సి వచ్చింది. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి, 60000 నుంచి 61000 వరకు యూడీపీ పోర్టులు తెరిచి ఉంచాలనడం. నేను అప్పట్లో పనిచేసిన సంస్థలో భద్రతా విభాగం ససేమిరా అంది. ఒక్కో సెషన్‌కు ఒక్క పోర్టే చాలని, వేయి పోర్టుల బదులు పదింటినే వాడేలా కట్టడి చేయవచ్చని చూపించాక ఒప్పుకున్నారు. ఆ ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది.

మోష్‌కున్న ఆ మొదటి లోపాన్ని టీమక్స్ పూరిస్తుంది. నికొలస్ మారియట్ 2007లో మొదలుపెట్టిన ఈ సాధనం సర్వరులోనే నడుస్తుంది. మనం ఉన్నా లేకపోయినా లోపలి పని సాగుతూనే ఉంటుంది. మోష్ దారిని కాపాడితే, ఇది పనిని కాపాడుతుంది. జరిగిపోయిన వరుసలను తొలి అమరికలో 2,000 వరకు దాచుకుంటుంది. నేను 50,000కు పెంచుకున్నాను.

దీని విలువ 2022 జులైలో తెలిసింది. ఒక పెద్ద డేటాబేసు పట్టికకు కొత్త ఇండెక్స్ (వెతకడం తేలికయ్యే సూచిక) కట్టడం సాయంత్రం మొదలుపెట్టాను, పదకొండు గంటల పని. తెల్లవారేసరికి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దిశగా నీరు పెరుగుతోందని కబురు. లంకల నుంచి పశువులను గట్టు మీదకు తోలుకొస్తున్నారు. అమ్మ బియ్యం బస్తాలు మేడ మీదకు ఎక్కించమంది. కరెంటు తీసేశారు, కాసేపటికి ఫోను సిగ్నలూ పోయింది. నాన్నను, అమ్మను తీసుకుని అమలాపురంలో పిన్ని ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. లాప్‌టాప్‌లో చార్జింగ్ లేదు. అక్కడ చార్జింగ్ పెట్టి, సర్వరులోకి వెళ్లి, నడుస్తున్న టీమక్స్‌లోకి తిరిగి చేరే ఆజ్ఞ, అటాచ్ అని రాశాను. ఇండెక్స్ ఉదయమే పూర్తయి, చివరి వరుస తెరమీద నిలిచి ఉంది. ఆ పని మామూలు పద్ధతిలో నడిపి ఉంటే అర్ధాంతరంగా ఆగిపోయేది. జులై 16న ధవళేశ్వరంలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఇంటి మెట్ల దాకా నీళ్లొచ్చాయి. వారం తర్వాత తిరిగి వెళ్లాం.

టీమక్స్ నేర్చుకోవడం మొదట్లో చిరాకే. ప్రతి ఆజ్ఞకూ ముందు కంట్రోల్, బి కలిపి నొక్కాలి. నెల రోజులకు వేళ్లకు అలవాటైంది. తెలుగు అక్షరాలున్న లాగ్‌లు (ప్రోగ్రాములు రాసిపెట్టే నమోదులు) చూసేటప్పుడు మాత్రం గుణింతాలు విడిపోయి, వరుసలు జరిగిపోతాయి. దానికి నాకు ఇప్పటికీ మంచి ఉపాయం దొరకలేదు.

ఫైళ్లను అన్ని యంత్రాల్లో ఒకేలా ఉంచే సింక్‌థింగ్ ఇంటి కోసం పెట్టుకున్నది. అన్నయ్యకు అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. దింపు లెక్కలు, వలుపు కూలీ, లారీ బిల్లుల ఫోటోలు అన్నీ వదిన ఫోనులో, దుకాణం కంప్యూటర్‌లో, నా లాప్‌టాప్‌లో ఒకేలా ఉండాలి. సింక్‌థింగ్‌లో మధ్యన ఎవరి నిల్వా ఉండదు. యంత్రాలు వీలైనప్పుడల్లా నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, ఫైలులో మారిన ముక్కలనే పంపుకుంటాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటాక మాకు మూడు రోజులు ఫైబర్ లేదు. అయినా ఇన్వర్టర్ మీద రౌటర్ వెలుగుతూ ఉంటే చాలు, అన్నయ్య తన లాప్‌టాప్ ఇంటికి తెచ్చి తెరవగానే లెక్కలు కలిసిపోయాయి. యంత్రాలు ఒకే రౌటరు కింద ఉంటే బయటి నెట్‌తో దానికి పనిలేదు.

కానీ దీన్ని బ్యాకప్ అనుకుంటే దెబ్బతింటారు, మేం తిన్నాం. "కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అని ఫోనులో తీసేశాను బాబూ" అంది వదిన ఒకరోజు. ఫోనులో తీసేస్తే అన్నిచోట్లా తీసేస్తుంది, దాని పనే అది. పాత ప్రతులు దాచే సౌకర్యం ఉంది గానీ మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. నేను చేయలేదు. నాలుగు నెలల బిల్లులు పోయాయి. ఎవరైనా పెట్టుకుంటే మొదటిరోజే ఆ సౌకర్యం ఆన్ చేయండి. ఇంకొక మాట, ఆండ్రాయిడ్‌కు అసలు తయారీదారుల యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది. ఇప్పుడు ఇతరులు నడిపే ఫోర్క్ (అదే కోడు నుంచి చీల్చిన యాప్) వాడుతున్నాం, మాకు బాగానే నడుస్తోంది.

ఆ బిల్లులు పోయాకే రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేరు పెట్టుకున్నాను. అది ఫైళ్లను మన దగ్గరే సంకేత రూపంలోకి మార్చి, ఒకే ముక్క రెండుసార్లు దాచకుండా, రోజువారీ ప్రతులుగా పంపుతుంది. మొదటి బ్యాకప్ 180 జీబీ, తొమ్మిది రాత్రులు పట్టింది. మధ్యలో ఎన్నిసార్లు నెట్ పోయిందో లెక్కలేదు. ప్రతిసారీ మళ్లీ మొదలుపెడితే, అప్పటికే చేరిన ముక్కలను వదిలేసి మిగిలినవే పంపింది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు మాత్రం ఇంకో పని అడ్డురాకుండా రెస్టిక్ వేసుకున్న పాత తాళం ఒకటి మిగిలిపోయి, పాత ప్రతులు తొలగించడానికి అడ్డుపడుతుంది. అన్‌లాక్ ఆజ్ఞతో పోతుంది. సంకేతపదం పోగొట్టుకుంటే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. మా సంకేతపదం కాగితం మీద రాసి అమ్మ బీరువాలో, ఇంటి దస్తావేజుల పక్కన పెట్టాను. నెలకోసారి ఏదో ఒక ఫోల్డరు వెనక్కి తెచ్చి తెరిచి చూస్తాను.

నెట్ లేనప్పుడు ప్రోగ్రామింగ్ భాషల వివరాలు చూసుకోవడానికి జీల్ ఉంది. ఒకసారి దించుకుంటే అన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, వారానికి రెండుసార్లయినా అవసరపడుతుంది.

మీ కార్యాలయంలో మోష్‌కు పోర్టులు తెరవకపోతే టీమక్స్ ఒక్కటైనా పెట్టుకోండి. దానికి కొత్తగా ఏ పోర్టూ తెరవక్కరలేదు. నెట్ మారినప్పుడల్లా మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ చేసి అటాచ్ కావాలి, అంతే తేడా. భద్రతా విభాగాన్ని ఒప్పించిన ఆ రెండు నెలలూ నేను అలాగే నెట్టుకొచ్చాను.