సుడల్, వదంతి: ముందు ఏది?

రెండూ తమిళ సిరీస్‌లే. రెండూ 2022లో ప్రైమ్ వీడియోలో వచ్చాయి, తెలుగులోనూ వినవచ్చు. నిర్మాతలూ ఒకరే: పుష్కర్, గాయత్రి.

సుడల్ మొదటి సీజన్‌లో ఒక రాత్రి సిమెంటు ఫ్యాక్టరీ కాలిపోతుంది, యూనియన్ నాయకుడి చిన్న కూతురు కనబడకుండా పోతుంది. ఇదంతా తొమ్మిది రోజుల మయాన కొల్లై జాతర నడుమ సాగుతుంది. విజయనగరం వాళ్లకు ఈ జాతర కొత్తగా అనిపించదు. పైడితల్లి సిరిమాను నాడు కోటకూ గుడికీ మధ్య ఇసుక వేస్తే రాలనంత జనంలో చెల్లెలి చేయి వదిలేసి, పది నిమిషాలు వెతికిన వాణ్ణి నేను. ముఖానికి రంగులు పూసుకున్న గుంపులో మనిషిని వెతకడం తెరమీద చూస్తే చేతులు చల్లబడ్డాయి.

వదంతిలో శవం మొదటే దొరుకుతుంది. సినిమా షూటింగు జరిగే చోట, కన్యాకుమారి ప్రాంతంలో. ఎస్.జె. సూర్య వేసిన ఎస్సై ఎవరిని అడిగినా, చనిపోయిన అమ్మాయి వెలొనీ గురించి ఒక్కో కథ చెబుతారు. మా వీధి అరుగు మీద కూర్చునే పెద్దమ్మలు గుర్తొచ్చారు. నడక మాత్రం నెమ్మది. ఎనిమిది భాగాల్లో రెండు తగ్గించినా నష్టం లేదు.

బిగువులో సుడల్‌దే పైచేయి. అయినా పడుకోబోయే ముందు గుర్తొచ్చేది వెలొనీయే. సెలవు రోజు ఉంటే సుడల్ మొదలుపెట్టండి, మధ్యలో ఆపలేరు. వదంతిని రోజుకొక భాగం చొప్పున చూడండి.