పెళ్లిరోజు కోఆర్డినేటర్‌కు పనికొచ్చేవి: రన్‌షీట్, వాకీటాకీ, ఒక సంచి (చాలాకాలం వాడాక)

పెళ్లిరోజు కోఆర్డినేటర్ పని బాగా జరిగిందా లేదా అన్నది ఒక్క లెక్కతో తేలిపోతుంది: ఆ రోజు పెళ్లివారి ఫోన్‌కు ఎన్ని ప్రశ్నలు వెళ్లాయి? పూలబండి ఏ గేటు దగ్గర ఆగాలి, పాట ఎప్పుడు వెయ్యాలి, ఫలానా పెద్దాయన్ని ఎవరు తీసుకొస్తున్నారు... ఇవన్నీ మన దగ్గరే ఆగిపోవాలి. ఈ పనిలో వాడే వస్తువుల్ని కూడా నేను ఆ లెక్కతోనే చూస్తాను.

అన్నిటికన్నా ముందు రన్‌షీట్, అంటే ఆ రోజు ఏ సమయానికి ఏ పని, ఎవరు చేయాలి అని వరుసగా రాసుకున్న పట్టిక. తయారు చేసేది కంప్యూటర్‌లోనే అయినా, ఆ రోజు చేతిలో ఉండాల్సింది ఏ4 కాగితమే. దీనికోసం యాప్‌లు చాలా ఉన్నాయి, నెలల ముందు ప్లానింగ్‌కు బాగుంటాయి కూడా. కానీ ఎండలో తెర కనపడదు. వందలమంది ఒకేచోట చేరితే డేటా సరిగా రాదు. ఇక ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్న మనిషిని చూస్తే ఏదో సొంత పనిలో ఉన్నారని అందరూ అనుకుంటారు. అక్షరాలు 14 సైజు కన్నా తగ్గొద్దు. లామినేషన్ చేయించకండి, లైట్ల కింద మెరుస్తుంది, దానిమీద పెన్ను రాయదు. గట్టి అట్టకు క్లిప్ పెట్టుకుంటే చాలు.

షీట్‌ను ఉదయం నుంచి సాయంత్రానికి రాసుకుంటూ పోతే తప్పకుండా దెబ్బతింటుంది. కదలని సమయం పట్టుకుని వెనక్కి రావాలి. కార్యక్రమం 11:00కు అనుకుందాం. జంట 10:50కి వేదిక పక్కన ఉండాలి. దానికి ముందు 10 నిమిషాలు ఖాళీగా వదలాలి. గ్రూప్ ఫొటోలు 20 అనుకుంటే, ఒక్కో గ్రూపును పిలిచి, నిలబెట్టి, తీసేసరికి 3 నిమిషాలు పడుతుంది. మొత్తం గంట. అంటే ఫొటోలు 9:40కి మొదలవ్వాలి. బట్టలు మార్చుకోవడానికి అరగంట తీసేస్తే మేకప్ 9:10కి పూర్తవ్వాలి. పెళ్లికూతురికి 90 నిమిషాలు, ఇంకో ఐదుగురికి తలా 45 నిమిషాలు అనుకుంటే మొత్తం ఐదుంపావు గంటలు. మేకప్ చేసేది ఒక్కరే అయితే తెల్లవారుజామున 3:55కే కుర్చీలో కూర్చోవాలి. ఇద్దరుంటే, ఒకరు పెళ్లికూతురినీ ఇంకొకరినీ, రెండోవారు మిగతా నలుగురినీ చూసుకుంటారు, 6:10కి మొదలుపెడితే సరిపోతుంది. ఈ లెక్క ఆ రోజు పొద్దున తేలితే చేయగలిగింది ఏమీ ఉండదు. బుకింగ్ నాడే తేలాలి.

షీట్‌లో ఆరు గడులు ఉంచుతాను: సమయం, పని, చోటు, బాధ్యుడు, ఫోన్, ఆలస్యమైతే ఏం చేయాలి. అసలు విలువ ఆ చివరి గడిదే. మేకప్ 15 నిమిషాలు వెనకబడిందనుకోండి, అప్పుడు నిలబడి ఆలోచించే తీరిక ఉండదు. కార్యక్రమం అయ్యాక తీసినా ఇబ్బంది లేని ఐదు గ్రూపులకు ముందే చుక్క పెట్టి ఉంచితే, ఫొటోగ్రాఫర్‌తో ‘చుక్క గ్రూపులు తర్వాత’ అంటే సరిపోతుంది, ఆ 15 నిమిషాలు తిరిగొచ్చేస్తాయి. ఆరుబయట పెళ్లికి వాన గడి కూడా ఇలాంటిదే. కుర్చీలు లోపలికి మార్చడానికి గంట పడితే, మార్చాలా వద్దా అన్నది మొదలుకు గంటన్నర ముందే తేలాలి. ఎవరు తేలుస్తారో ఒక్కరి పేరు రాసి ఉండాలి. చినుకులు మొదలయ్యాక ఇంటిల్లిపాదీ చేరి చర్చిస్తే కుర్చీలు తడిసిపోతాయి.

బాధ్యుడి గడిలో ‘డెకరేషన్ వాళ్లు’ అని రాస్తే ఎవరినీ రాయనట్టే. అడ్వాన్స్ తీసుకున్న ఓనరు నంబరు కూడా ఉపయోగపడదు, ఆయన ఆ సమయానికి ఇంకోచోట ఉంటారు. లారీతోపాటు వచ్చే సూపర్‌వైజర్ పేరు, నంబరు ముందురోజు సాయంత్రం కనుక్కుని రాసుకోవాలి. సమయం కూడా రెండుగా ఉండాలి: గేటులోకి వచ్చేది, పని పూర్తిచేసి పక్కకు తప్పుకునేది. ఒకటే రాస్తే ఎవరికి అనుకూలంగా వాళ్లు అర్థం చేసుకుంటారు. షీట్ మార్చిన ప్రతిసారీ కాగితం రంగు మార్చండి. పాత షీట్ పట్టుకుని తిరిగే మనిషి దూరం నుంచే తెలిసిపోతాడు.

రెండోది వాకీటాకీ. ఇవి యూహెచ్‌ఎఫ్, వీహెచ్‌ఎఫ్ అని రెండు ఫ్రీక్వెన్సీ శ్రేణుల్లో దొరుకుతాయి. హాల్లో పనిచేయడానికి యూహెచ్‌ఎఫ్ సెట్లే తీసుకోండి, గోడలున్న చోట వీహెచ్‌ఎఫ్ కన్నా ఇవే నయం. మీ దేశంలో లైసెన్సు అక్కర్లేని ఫ్రీక్వెన్సీ, దానికి అనుమతించిన పవర్ ఎంతో చూసుకుని కొనాలి. ప్రైవసీ కోడ్ అని పెట్టెమీద రాసే టోన్ వల్ల గోప్యత ఏమీ రాదు. అది పక్కవాళ్ల మాటలు మనకు వినపడకుండా చేస్తుందంతే, మన మాటలు వాళ్లు వినగలరు. అందుకే ఇంటివాళ్ల సంగతులు, డబ్బు సంగతులు రేడియోలో ఎత్తకూడదు.

కొత్తవాళ్లకు నేర్పాల్సింది బటన్ నొక్కడం. నొక్కీ నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరాలు పోతాయి, ఒక సెకను ఆగాలి. మాట పూర్తికాకుండా వదిలేస్తే చివర తెగుతుంది, అది ఇంకా ప్రమాదం. ‘పాట వెయ్యొద్దు’ అన్నది అవతల ‘పాట వెయ్య’ దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఆపాలంటే ‘ఆగండి, ఆగండి’ అనే అనాలి. సౌండ్, లైట్ల వాళ్లకు 30 సెకన్ల ముందు ‘సిద్ధం’, సరిగ్గా ఆ క్షణాన ‘ఇప్పుడు’. మధ్యలో ఇంకో మాట వద్దు.

లోపాలు లేకపోలేదు. చానల్ తిప్పే నాబ్ జేబులో రాసుకుని తిరిగిపోతుంది, ఆ మనిషి ఎంత పిలిచినా పలకడు. నాబ్ మీద టేపు ముక్క అతికిస్తే తిరగదు. గొంతు వినగానే దానంతటదే ఆన్ అయ్యే వాక్స్ మోడ్‌ను హాల్లో ఆపేయాలి, లేకపోతే స్పీకర్ల మోతే అందరి చెవుల్లోకి వెళ్తుంది. వైర్‌లెస్ మైకు రిసీవర్ పక్కనే నిలబడి బటన్ నొక్కితే మైకులో గరగర వచ్చే అవకాశం ఉంది, నాలుగడుగులు పక్కకు వెళ్లి మాట్లాడండి. బ్యాటరీ ఇన్ని గంటలు వస్తుందని చెప్పే లెక్క చాలావరకు 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినడం, 90 శాతం ఊరికే ఉండటం మీద కట్టింది. పెళ్లిలో అంతకన్నా ఎక్కువే మాట్లాడతాం. స్పేర్ బ్యాటరీలు లేకుండా సెట్ కొనకండి. ఇయర్‌పీస్ మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి.

సంచి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రెండు సైజుల పిన్నీసులు, దారం ఎక్కించి పెట్టిన సూదులు, కత్తెర, రెండువైపులా అంటుకునే టేపు, గుడ్డ టేపు, పెన్నులు, పవర్ బ్యాంక్, మైకులకు కొత్త ఏఏ సెల్స్. మైకులో సెల్స్ సగం ఉన్నట్టు చూపించినా కార్యక్రమానికి ముందు మార్చేస్తాను, మాట మధ్యలో మైకు ఆగితే దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. మాత్రలు మాత్రం పెట్టుకోను. ఎవరికి ఏది పడదో మనకు తెలియదు. దానికి బదులు దగ్గరి ఆసుపత్రి నంబరు షీట్ పైన రాసి ఉంటుంది.

మళ్లీ మొదటినుంచి కొనాల్సి వస్తే మొదట రేడియోల జోలికి వెళ్లను. 50 మంది వచ్చే ఒకే హాలు పెళ్లికి ఇద్దరు మనుషులు, ఒక మంచి షీట్ చాలు. గేటు ఒకచోట, వేదిక ఒకచోట, వంట ఇంకోచోట ఉన్నప్పుడే సెట్లకు పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. షీట్ చివరి పేజీని మాత్రం చిన్న పెళ్లయినా వదలను: కానుకలు ఏ కారులో, ఎవరి చేతికి, సంతకాలైన కాగితాలు ఎవరి దగ్గర, అద్దె సామాను ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, ఇవ్వాల్సిన డబ్బు కవర్లు ఎవరెవరికి అందాయి. ఒక్కో వరుస పక్కన తీసుకున్నవాళ్ల సంతకం ఉండాలి.