హీట్ ప్రెస్ కాంబో కొనబోతున్నారా? ప్లేటు వేడి చూశాకే డబ్బు కట్టండి

కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు టీషర్ట్ ప్రింటింగ్ పెట్టుకోవాలనుకునే తమ్ముళ్లకు ముందే చెప్తున్నా. హీట్ ప్రెస్ అంటే పేపరు మీద ప్రింటు చేసిన బొమ్మను వేడి ప్లేటుతో అదిమి బట్టకు ఎక్కించే మిషను. ‘మిషను, ప్రింటరు, పేపరు అన్నీ కలిపి ఒకటే రేటు’ అని ఫోన్లలో తిరిగే కాంబో ఆఫర్లకు తొందరపడి అడ్వాన్సు వెయ్యొద్దు. నాకొచ్చిన పదిహేను ఇంచుల మిషను పైకి మాత్రం తళతళా మెరుస్తా ఉంది.

వినాయక చవితికి పక్క వీధి యూత్ వాళ్లు తెల్ల కాటన్ టీషర్టులు అడిగారు. నడిమధ్యన గణపతి బొమ్మ గట్టిగానే అతుక్కుంది. కింది అంచున ఉన్న వీధి పేరు ఒక్క ఉతుకుకే కొసలు లేచింది, తర్వాత పొరలుగా ఊడొచ్చింది. అమ్మినాయన్ని అడిగితే, ‘ప్రెషర్ సరిగా పెట్టలేదన్నా, మీకు ఇంకా చెయ్యి తిరగాల’ అన్నాడు. ప్రెషర్ నాబు ఎంత బిగించినా బట్టమీద ప్లేటు అంచు గుర్తు పడిందే గానీ అక్షరాలు నిలవలేదు.

తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన వేడి కొలిచే తీగ ఉన్న మీటరు తెచ్చి ప్లేటుకు ఆనించాడు. డిస్‌ప్లేలో 185 డిగ్రీలు. మధ్యలో దాదాపు అంతే. ముందు మూలల్లో 150 కూడా దాటలా! సెన్సర్ ఉండేది ఒక్కచోటే, డిస్‌ప్లే చూపించేది ఆ చోటి వేడి మాత్రమే. ప్లేటు పలచగా ఉండి, లోపల వేడెక్కించే కాయిలు అంచులదాకా తిప్పకపోతే మూలలు చల్లగానే ఉంటాయి. దానికి నా చెయ్యి ఎంత తిరిగితే ఏం లాభం?

పేపరు సంగతి ఇంకా ఘోరం. ‘ఏ బట్టకైనా పడుద్ది’ అని ఇచ్చిన రెండో కట్ట సబ్లిమేషన్ పేపరు, అంటే వేడికి ఇంకు ఆవిరై బట్టలోకి దిగే రకం. దానికి సబ్లిమేషన్ ఇంకే పోయాలి, ప్రింటర్లో పోసిచ్చింది మామూలు ఇంకు. సరైన ఇంకు పోసినా ఆ రంగు పాలిస్టర్‌కే పడుతుంది, అదీ లేత రంగు బట్టకే. కాటన్ మీద ఉతికితే వెలిసిపోతుంది.

ప్లగ్గు కూడా 6 ఆంప్స్‌ది పెట్టి పంపారు, కాసేపటికే మెత్తబడింది. ఈ సైజు మిషన్లు పదిహేను వందల వాట్ల చుట్టుపక్కల లాగుతాయి. 16 ఆంప్స్ సాకెట్టు, ఎర్తు ఉండి తీరాల్సిందే.

కొనేటప్పుడు మిషను చల్లగా ఉండగానే నాలుగు మూలల్లో కాగితం ముక్కలు పెట్టి మూసి లాగండి. ఏ మూలదైనా వదులుగా వచ్చిందంటే ప్లేటు సమంగా దిగట్లేదు. తర్వాత వేడెక్కించి, కాసేపు ఆగి, మధ్యలో, అంచుల్లో మీటరు పెట్టించండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చెయ్యండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు, మిషను సీరియల్ నంబరు, వాట్లు రాయించుకోండి. వాట్సాప్‌లో పంపే కొటేషను బిల్లు కాదు.

‘వ్యాపారానికి కొన్నారు, వినియోగదారుల చట్టం మీకు వర్తించదు’ అని కూడా ఆ అమ్మినాయన దబాయించాడు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాళ్లు 2019 చట్టం ప్రకారం వినియోగదారులే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఇప్పుడేమో లారీ ఖర్చు మీరే పెట్టుకుని మిషను వెనక్కి పంపండి, చూస్తాం అంటున్నాడు. పంపదలుచుకోలేదు. మన జిల్లాల్లో హీట్ ప్రెస్ ప్లేటు మార్చేవాళ్లు ఎవరన్నా తెలిస్తే చెప్పండి.